నీలి బొమ్మ కన్నా అది వచ్చిన దారి ముఖ్యం: స్టార్‌వార్స్ లోకంలో హోలోగ్రామ్ సంభాషణలు

మీ ప్రశ్నలో మూడు సందేహాలు కలిసి ఉన్నాయి. కాంతిని మించిన వేగంతో తిరిగే ఓడలున్న స్టార్‌వార్స్ లోకంలో హోలోగ్రామ్ మాత్రం పాతకాలపు టీవీ బొమ్మలా నీలిగా, గీతలు గీతలుగా, వణుకుతూ ఎందుకు కనిపిస్తుందని మొదట అడిగారు. గెలాక్సీలో ఆ కొసనున్నవారు, ఈ కొసనున్నవారు ఎదురెదురుగా కూర్చున్నట్టు ఎలా మాట్లాడుకుంటారన్నది మీ రెండవ సందేహం. మీరు రాస్తున్న కథలో ఇలాంటి పరికరాన్ని పెడితే చదివేవారు నమ్ముతారా అన్నది మూడవది. నేను 28 ఏళ్లు ఉపగ్రహ లింకుల నిర్వహణలో పనిచేసి విరమించినవాడిని. ఈ సినిమాలను మా అబ్బాయితో కలిసి చాలాసార్లు చూశాను గానీ, ప్రతిసారీ నా కళ్లు పాత్రలను వదిలి, వాటి మధ్యనున్న సిగ్నల్ వెంటే వెళ్లేవి. అందువల్ల నా జవాబు బొమ్మ దగ్గర కాక, బొమ్మ ప్రయాణించిన దారి దగ్గర మొదలవుతుంది. మీ సందేహాలలో చాలావాటికి సమాధానం కూడా అక్కడే ఉందని నా అభిప్రాయం.

తెరమీద మనం "హోలోగ్రామ్" అని ఒక్క మాటతో పిలిచేదానిలో నిజానికి వేర్వేరు పనులు మూడున్నాయి. మనిషి రూపాన్ని అన్ని వైపులనుంచి పట్టుకోవడం ఒకటి. దాన్ని సిగ్నల్‌గా మార్చి దూరాలు దాటించడం ఇంకొకటి. అవతలి గదిలో దాన్ని తిరిగి వెలుగుగా నిలబెట్టడం మూడవది. ఈ మూడింటిలో ఏది బలహీనమైతే బొమ్మ ఆ మేరకు పాడవుతుంది. మా కేంద్రానికి "బొమ్మ బాగాలేదు" అని ఫోన్ వచ్చినప్పుడల్లా మేము ముందు తేల్చుకోవలసింది కూడా ఇదే: కెమెరా వైపు లోపమా, లింకులో లోపమా, టీవీ వైపు లోపమా? ఆ సినిమాలను ఈ ప్రశ్న వేసుకుంటూ చూస్తే, అవి అనుకున్నదానికన్నా ఎక్కువ నిలకడగా కనిపిస్తాయి.

1977లో వచ్చిన మొదటి సినిమానే తీసుకుందాం. టాటూయిన్ అనే ఎడారి గ్రహంలో లూక్ అనే యువకుడు ఆర్‌టూ-డీటూ అనే చిన్న రోబోను తుడుస్తూ ఉండగా, ఇరుక్కున్నదేదో కదిలి, యువరాణి లేయా రూపం జానెడు మూరెడు ఎత్తున నేలమీద వెలుగుతుంది. ఓబీ-వాన్ కెనోబీ అనే జెడై యోధుణ్ని సాయం కోరే ఒక్క ముక్కే మళ్లీ మళ్లీ వస్తూ ఉంటుంది. హోలోగ్రామ్ సంభాషణకు ఉదాహరణగా అందరూ చెప్పేది ఈ దృశ్యాన్నే. కానీ ఇది సంభాషణ కాదు, ఉత్తరం. లేయా ఎవరితోనూ మాట్లాడటం లేదు. తన ఓడను శత్రువులు ముట్టడించిన క్షణాల్లో, ఆ ఓడ నడవాలోనే, రోబో ముందు నిలబడి చెప్పి రికార్డు చేయించిన కబురు అది. పూర్తి సందేశాన్ని తరువాత ఓబీ-వాన్ ఇంట్లో చూసినప్పుడు, చివర ఆమె పక్కకు ఒక చూపు చూసి, రికార్డింగును ఆపడానికి కాబోలు, ముందుకు వంగుతుంది. ఆ చిన్న కదలికే ఆ దృశ్యాన్ని నమ్మేలా చేసిందని నేననుకుంటాను. తొందరలో, ఒకే ఒక రోబో కంటితో పట్టిన రూపం వెలవెలబోయి, గీతలు పడి ఉండటంలో వింత లేదు. ఇక్కడ లోపం పట్టడంలో ఉంది.

అదే సినిమాలో ఇందుకు ఎదురు సాక్ష్యం కూడా ఉంది. మిలీనియం ఫాల్కన్ ఓడలో వూకీ అనే ఒళ్లంతా జుట్టున్న జీవి, రోబో కలిసి గుండ్రటి బల్లమీద చదరంగం వంటి ఆట ఆడతారు. ఆటలో పావులు చిన్న చిన్న రాక్షసులు. ఒకటి ఇంకొకదాన్ని ఎత్తి పడేస్తుంది. ఫిల్ టిపెట్, జాన్ బర్గ్ అనే ఇద్దరు కళాకారులు బొమ్మలను కొద్దికొద్దిగా కదుపుతూ ఒక్కొక్క ఫ్రేమూ తీసి ఆ దృశ్యాన్ని తయారుచేశారు. ఆ రాక్షసులు నీలిరంగులో లేరు; వాటి ఒంటి రంగులు వాటికున్నాయి. అంటే ఆ లోకంలో రంగులు చూపించే ప్రొజెక్టర్ ఉంది, అదీ ఒక స్మగ్లర్ పాత ఓడలో! ఆ పావుల రూపాలు బల్లలోనే దాచి ఉంటాయి కాబట్టి ఎక్కడినుంచో పట్టుకోవలసిన పని గానీ, ఎంతో దూరం మోసుకురావలసిన పని గానీ లేదు. కథ రాసినవారు ఇంత ఆలోచించి పెట్టారని నేను అనను. అయినా ప్రేక్షకుడు ఈ రెండు దృశ్యాలనూ పక్కపక్కన పెట్టుకుంటే లెక్క సరిపోతుంది: ప్రొజెక్టర్ దగ్గర సరుకు, అంటే సమాచారం, ఉన్నప్పుడు బొమ్మ నిండుగా ఉంది, సరుకు తగ్గినప్పుడు మసకబారింది.

ఇక దూరం సంగతి. 2002లో వచ్చిన సినిమాలో నాకు అన్నిటికన్నా నచ్చిన దృశ్యం యుద్ధాలది కాదు, ఓబీ-వాన్ జియోనోసిస్ గ్రహం మీద తన చిన్న ఓడ పక్కన నిలబడి సిగ్నల్ కోసం పడే పాట్లది. ట్రాన్స్‌మీటర్ పనిచేస్తున్నదనీ, తిరుగు సిగ్నల్ మాత్రం రావడం లేదనీ, రాజధాని కొరసాంట్ మరీ దూరమనీ అతడు రోబోతో అంటాడు. పవర్ పెంచగలవా అని అడుగుతాడు. అది కుదరక, దగ్గరలో ఉన్న శిష్యుడు అనాకిన్‌కు పంపి, అక్కడినుంచి కొరసాంట్‌కు మళ్లించాలని నిర్ణయిస్తాడు. అనాకిన్ అనుకున్నచోట కాక టాటూయిన్‌లో ఉన్నాడని తెలిసి ఆశ్చర్యపోతాడు కూడా. ఇది అచ్చంగా మా ఉద్యోగమే. సిగ్నల్ బలం దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది. దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకు, పది రెట్లైతే నూరో వంతుకు పడిపోతుంది. మన దగ్గరి డిష్ చిన్నదై, పవర్ తక్కువై ఉన్నప్పుడు చేయగలిగిన పనులు రెండే: పవర్ పెంచడం, లేదా మధ్యలో పెద్ద చెవులూ పెద్ద గొంతూ ఉన్నవాణ్ని పెట్టుకోవడం. అడవి మధ్య ఆనకట్ట దగ్గరో, సముద్రంలో నూనె బావి మీదో ఉన్న చిన్న డిష్ ఇంకొక చిన్న డిష్‌తో నేరుగా మాట్లాడలేకపోతే, ముందు హబ్‌కు, అంటే పెద్ద డిష్ ఉన్న కేంద్రానికి, చేర్చి, అక్కడినుంచి మళ్లీ ఉపగ్రహం మీదుగా అవతలికి దించేవాళ్లం. అనాకిన్‌తో ఉన్న సెనేటర్ పద్మే ఓడ ఆ రోజు ఓబీ-వాన్‌కు హబ్ అయింది.

ఆ దృశ్యంలోనే సరదాగా పట్టుకోవలసిన లెక్క ఒకటుంది. జియోనోసిస్ తామున్నచోటికి ఒక పార్సెక్ కన్నా తక్కువ దూరంలో ఉందని పద్మే అంటుంది. పార్సెక్ అంటే సుమారు 3.26 కాంతి సంవత్సరాలు. మామూలు రేడియో తరంగాలైతే, ఇరుగుపొరుగు అనుకున్న ఆ రెండు గ్రహాల మధ్య కూడా కబురు చేరడానికి సంవత్సరాలు పట్టవచ్చు. అంత చిన్న ఓడలోని ట్రాన్స్‌మీటర్ సైతం కాంతిని మించిన మార్గంలోనే మాట్లాడుతున్నదని ఒప్పుకోక తప్పదు. ఆ లోకపు అనుబంధ రచనల్లో దీనికి హోలోనెట్ అనే పేరుంది. కాంతిని మించిపోవడానికి ఓడలు దూరే హైపర్‌స్పేస్ గుండానే సిగ్నళ్లను కూడా పంపే రిలేల జాలం అది. ఓడలకు ప్రయాణకాలం పడుతుంది, సిగ్నల్‌కు మాత్రం దాదాపు పట్టదు. 2005 సినిమాలో, తరువాత చక్రవర్తి అయ్యే పాల్పటీన్ ఒక్క ఆజ్ఞను యుటాపావ్, మైగీటో, ఫెలూసియా వంటి ఎంతో దూరంలో ఉన్న గ్రహాలకు పంపుతాడు. సైనికులు అందరూ ఒకే ఘడియలో తమ జెడై సేనానులమీద తిరగబడతారు. కళ్లుమూసి తెరిచేలోపల గెలాక్సీ అంతా చేరే ఆ జాలం లేకపోతే ఆ కుట్ర పారేది కాదు, ముందు దాడి జరిగిన చోటినుంచి మిగతావారికి హెచ్చరిక అందిపోయేది.

మన దగ్గర ఆ సౌకర్యం లేదు. భూస్థిర ఉపగ్రహం భూమధ్యరేఖకు ఎగువన 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. పైకి వెళ్లి కిందికి రావడానికే సిగ్నల్‌కు సుమారు పావు సెకను పడుతుంది. మీరు అడిగి, అవతలివారు బదులు చెప్పి, అది మీ చెవిన పడేసరికి అర సెకను. హబ్ ద్వారా రెండుసార్లు ఎక్కి దిగితే ఇది రెట్టింపవుతుంది. ఒక సెకను ఆలస్యానికే ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఇద్దరూ ఒకేసారి ఆగి, "మీరు చెప్పండి", "లేదు, మీరే చెప్పండి" అని నలిగిపోయే సమావేశాలను నేను వందలు చూశాను. తెరమీద జెడై మండలి సభలో సగంమంది కుర్చీల్లో వెలుగురూపాలుగా కూర్చుని ఒకరి మాట ఒకరు అందుకుంటూ ఉంటారు. ఎవ్వరూ ఎవరిమీదా పడి మాట్లాడరు. నాకు ఆ కాంతి కత్తులన్నిటికన్నా ఇదే ఎక్కువ అద్భుతం.

ఆ జాలం అజేయమైనదా అంటే కాదు. 1980 సినిమా దాన్ని గొప్పగా చూపించింది. చక్రవర్తి సేనాని డార్త్ వేడర్ ఓడ గ్రహశకలాల గుంపు మధ్య ఉండగా చక్రవర్తి మాట్లాడమంటున్నాడని కబురొస్తుంది. వేడర్ చేసిన మొదటి పని మోకరిల్లడం కాదు, ఓడను ఆ శకలాల మధ్యనుంచి బయటికి తీయమని ఆజ్ఞాపించడం. సిగ్నల్ శుభ్రంగా వెళ్లాలంటే అది తప్పదంటాడు. ఆ ఓడ పొడవు 19 కిలోమీటర్లని ఆ లోకపు లెక్కలు చెబుతాయి. అంతటి యుద్ధనౌక కూడా మంచి లింకు కోసం చోటు మారవలసి వచ్చింది. కుండపోతగా వాన పడితే ఎక్కువ పౌనఃపున్యంలో నడిచే లింకులు పడిపోవడం మాకు ప్రతి ఏడూ అనుభవం. మార్చి, అక్టోబరు నెలల ప్రాంతంలో కొద్దిరోజులపాటు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి నిలుస్తాడు. ఆ కొన్ని నిమిషాలూ డిష్‌కు సూర్యుడి రొద తప్ప ఇంకేమీ వినబడదు. దాన్ని సన్ అవుటేజ్ అంటాం. ఏ రోజున ఎన్ని గంటలకు వస్తుందో ముందే లెక్కగట్టి, ఖాతాదారులకు చెప్పి, ఆ కాసేపూ చేతులు ముడుచుకుని కూర్చోవడమే మా పని. ఓడను జరిపే వీలు మాకు లేదు కదా. అదే దృశ్యంలో ఇంకో సంగతి గమనించండి. శకలాల మధ్య ఉండగానే వేడర్ తన తోటి ఓడల అధిపతులతో హోలోగ్రామ్‌లో మాట్లాడుతూనే ఉన్నాడు. దగ్గరి లింకుకు అడ్డురానిది దూరపు లింకుకు అడ్డొచ్చింది. ఈ తేడా చెప్పకుండానే చూపించిన రచయితలకు నేను నమస్కరిస్తాను.

ఇక దారి వెడల్పు, అంటే ఒక్కసారిగా ఎంత సమాచారం పోగలదన్నది. 2016లో వచ్చిన సినిమా చివరి ఘట్టమంతా దీనిమీదే నడుస్తుంది. స్కారిఫ్ గ్రహాన్ని కమ్మిన రక్షాకవచం వల్ల పెద్ద ఫైలు బయటికి పోదు. చిన్న కబురైతే ఏదోవిధంగా చేరవేయవచ్చు గానీ, గ్రహాలను పేల్చే మృత్యుతార అనే ఆయుధం నమూనాలు మోయరానంత పెద్దవి, కాబట్టి కవచాన్నే దించాలి. దాన్ని దించడానికి ఒక నౌకాదళం తలపడవలసి వచ్చింది. మన హోలోగ్రామ్ కష్టం కూడా ఇదే జాతిది. నిజమైన హోలోగ్రామ్‌లో రూపం ఉండదు. రూపంనుంచి వచ్చిన కాంతీ, దాన్ని తాకని కాంతీ కలిసినప్పుడు పడే అతిసన్నని చారలుంటాయి. ఆ చారల ఎడం కాంతి తరంగదైర్ఘ్యం పాటిదే. 10 సెంటీమీటర్ల చదరపు పలకను అర మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఎడంతో బిందువులుగా విడదీస్తే అటు 2 లక్షలు, ఇటు 2 లక్షలు, మొత్తం 4,000 కోట్ల బిందువులు. ఒక్కొక్కదానికి 8 బిట్లు, సెకనుకు 30 బొమ్మలు అనుకుంటే సెకనుకు 9.6 లక్షల కోట్ల బిట్లు. ఇంటర్నెట్‌లో ఇంట్లో చూసే హైడెఫినిషన్ సినిమాకు సెకనుకు సుమారు 50 లక్షల బిట్లు చాలు. అరచేతి పలక ఒక్కటీ అలాంటి సినిమాలు పంతొమ్మిది లక్షలను ఒకేసారి లాగినంత సరుకు అడుగుతుందన్నమాట. కుదించే ఉపాయాలు లేకపోలేదు. క్రెడిట్ కార్డులమీద మెరిసే ఇంద్రధనుస్సు హోలోగ్రామ్ అలాంటిదే: పక్కలకు తల తిప్పితే రూపం తిరుగుతుంది, పైకీ కిందికీ తిప్పితే తిరగదు. సరుకు తగ్గించుకోవడానికి ఒక దిశను వదిలేసుకున్నారు. లేయా బొమ్మలోని అడ్డగీతలు చూసినప్పుడల్లా, పంపినవారు ఏదో వదులుకుని లింకులో ఇమిడ్చారని నాకు అనిపిస్తుంది.

ఆ రకంగా నీలిరంగుకు నా సమాధానం ఇది: ఒక్క రంగులో పంపితే సరుకు మూడోవంతు. చీకటి గదిలో నీలి వెలుగు తెరమీద చక్కగా విడిగా తెలుస్తుందన్నది సినిమావారి అవసరం, దాన్నీ కాదనను. 2015 సినిమాలో స్నోక్ అనే అధిపతి నీలం ఛాయ లేకుండా, కొండంత రూపంతో, నిజంగానే ఎదురుగా కూర్చున్నంత గట్టిగా కనిపిస్తాడు. మాట ముగిసి మాయమయ్యేదాకా అది వెలుగుబొమ్మ అని చూసేవారికి తెలియదు. వెడల్పు దారికి పెట్టుబడి పెట్టగలవాడికి బొమ్మ అలా వస్తుంది.

మూడవ పని, అంటే వెలుగును గాలిలో నిలబెట్టడం, దగ్గరికి వచ్చేసరికి మాత్రం నేను ఆ సినిమాలను సమర్థించలేను. కాంతి ఏదో ఒకదానికి తగిలి చెదిరి మన కంటిలో పడితేనే మనకు కనబడుతుంది. రోబో తలమీది ఒకే కటకంనుంచి బయలుదేరిన కాంతి ఖాళీ గాలిలో ఒకచోట ఆగి, పక్కకు తిరిగి మన కంటికి రావడానికి కారణమేమీ లేదు. డెనిస్ గాబోర్ 1947లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపును మెరుగుపరిచే ప్రయత్నంలో హోలోగ్రఫీ సూత్రాన్ని కనుగొన్నాడు. 1960లో లేజర్ వచ్చాక అది పూర్తిగా పనికొచ్చింది. 1971లో అతనికి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ అసలు హోలోగ్రామ్ ఒక కిటికీ వంటిది. కిటికీ వైపు చూస్తే దాని వెనకనో ముందరనో వస్తువు కనిపిస్తుంది. కిటికీ అంచు దాటి పక్కకు జరిగితే వస్తువు తెగిపోతుంది. లేయా చుట్టూ తిరిగి చూడవచ్చు, ఆమె వెనక ఏ పలకా ఉండదు. అది హోలోగ్రామ్ కాదు, ఘనపరిమాణ ప్రదర్శన అనాలి.

మన మధ్య "హోలోగ్రామ్" పేరుతో చెలామణీ అయ్యేవాటిలో చాలావరకు అదీ కాదు, ఇదీ కాదు. 2012 గుజరాత్ ఎన్నికల్లో నరేంద్ర మోదీ ఒకే సమయంలో అనేక సభల్లో "ప్రత్యక్షమైన" ప్రచారం మీకు గుర్తుండవచ్చు. అది వేదికమీద ఏటవాలుగా కట్టిన పారదర్శకమైన పొరమీద పడే ప్రతిబింబం. 1862లో లండన్‌లో జాన్ హెన్రీ పెప్పర్ గాజుపలకతో దయ్యాన్ని చూపించిన కిటుకే ఇప్పటికీ నడుస్తోంది. 2008 నవంబరు 4న అమెరికా ఎన్నికల రాత్రి సి.ఎన్.ఎన్. చానల్ షికాగోలో ఉన్న విలేకరిని న్యూయార్క్ స్టూడియోలో నిలబెట్టింది. ఆమె చుట్టూ 35 కెమెరాలు పెట్టి రూపాన్ని పట్టారు. పట్టడమనే మొదటి పనిని నిజంగానే గొప్పగా చేశారు. ఆమె కూడా లేయాను తలుచుకుంది. కానీ స్టూడియోలో యాంకర్ ఎదుట ఉన్నది ఖాళీ నేల మాత్రమే. బొమ్మ టీవీ చూసేవారి తెరమీదే కలిసింది. గాలిలో బొమ్మకు నిజంగా దగ్గరగా వచ్చినది 2018లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం బృందం. కంటికి ఆనని సెల్యులోజ్ రేణువు ఒకదాన్ని లేజర్ కిరణంతో గాలిలో బంధించి, దాన్ని వేగంగా తిప్పుతూ రంగు వెలుగు వేశారు. చీకట్లో కొరవి తిప్పితే వలయం కనబడినట్టు, ఆ రేణువు గీసిన గీత రూపంగా కనబడుతుంది. ఏ వైపునుంచి చూసినా కనబడుతుంది, వెనక పలక అక్కరలేదు. అయితే ఆ రూపం వేలిగోరంత. మనిషంత రూపానికి ఇంకా ఎంతో దూరం ఉంది. మీ కథలో గాలిలో బొమ్మ కావాలంటే, గాలిలో ఏదో ఒకటి ఉన్నట్టు రాయండి: పొగ, దుమ్ము, ఆవిరి, లేదా గదిలో తేలాడే రేణువులు. పాఠకుడు ఒక్క వాక్యంతో ఊరుకుంటాడు.

సాంకేతికతను మించి ఆ సినిమాలు బాగా పట్టుకున్నది, ఆ బొమ్మ ఎవరి చేతిలో ఏ ఆయుధమవుతుందన్నది. రూపం ఎంత పెద్దగా కనబడాలన్నది పంపేవారి కెమెరా నిర్ణయించదు, అందుకునేవారి ప్రొజెక్టర్ నిర్ణయిస్తుంది. అయినా చక్రవర్తి తల వేడర్ ఎదుట మేడంత ఎత్తున వెలుగుతుంది. అంటే వేడర్ తన సొంత ఓడలో, తన యజమాని కోసం, తనను చిన్నబుచ్చే గదిని తానే కట్టించి పెట్టుకున్నాడు. (ఆ దృశ్యంలో 1980లో ఉన్న ముఖం, గొంతు వేరు, 2004 డీవీడీలో ఇయాన్ మెక్‌డయర్మిడ్ ముఖంతో మార్చారు. పంపినవాడి ముఖాన్నే మార్చేస్తే చూసేవాడు ఏం చేయగలడు?) 1999 సినిమాలో ఒకే మనిషి ఒక లింకులో సౌమ్యుడైన సెనేటర్‌గా రాణితో మాట్లాడి, ఇంకొక లింకులో ముసుగు కప్పుకుని వర్తక సంఘం వారిని ఆడిస్తాడు. ముసుగు కప్పుకున్న మసక నీలి బొమ్మలో ఇద్దరూ ఒకడేనని పోల్చుకోవడం ఎవరి తరమూ కాలేదు. బొమ్మ నాణ్యత తక్కువగా ఉండటం అతనికి లాభం.

అదే సినిమాలో నబూ గ్రహంనుంచి ఒక పెద్దమనిషి హోలోగ్రామ్ వచ్చి, జనం చనిపోతున్నారు, వెంటనే బదులివ్వండని ప్రాధేయపడతాడు. బదులు పంపవద్దని ఓబీ-వాన్ అంటాడు; బదులిస్తే లింకు ఏర్పడుతుంది, ఆ లింకు పట్టుకుని శత్రువు తమ చోటు కనిపెడతాడని అతని గురువు క్వై-గాన్ అనుమానం. వినడానికి చోటు బయటపెట్టనక్కరలేదు, బదులివ్వడానికి బయటపెట్టాలి. ఉపగ్రహ లింకుల్లో పనిచేసినవారికి ఇది మొదటి పాఠం: టీవీ డిష్‌లు ఎన్ని ఇళ్లమీద ఉన్నాయో ఉపగ్రహానికి తెలియదు, ట్రాన్స్‌మిట్ చేసే ప్రతి డిష్ మాత్రం తెలుస్తుంది. మీ కథలో పారిపోతున్న మనిషి ఎవరైనా ఉంటే, ఈ ఒక్క సూత్రంమీద ఒక అధ్యాయం నడిపించవచ్చు.

మీ మూడవ సందేహానికి సూటిగా వస్తాను. మీ కథ భూమిమీద, చంద్రుడిమీద, అంగారకుడిమీద నడుస్తుందని రాశారు. హైపర్‌స్పేస్ వంటిదాన్ని తెచ్చుకోవద్దని నా సలహా. కాంతిని మించిన సిగ్నల్‌ను ఒప్పుకుంటే, సాపేక్ష సిద్ధాంతం ప్రకారం వేగంగా కదిలే ఇంకొక పరిశీలకుడికి అది పంపకముందే చేరినట్టు తేలుతుంది; స్టార్‌వార్స్ ఆ చిక్కును పట్టించుకోకుండా దాటేసింది, ఆ కథలకు అది చెల్లింది. మీకు ఆ అవసరం లేదు. చంద్రుడి దగ్గరినుంచి కబురు రావడానికి 1.3 సెకన్లు పడుతుంది. చంద్రుడిమీది మనిషి మీ గదిలో వెలుగుతూ నిలబడి ఉండగా, మీ మాటకు అతని ముఖంలో నవ్వు రెండున్నర సెకన్ల తరువాత వస్తుంది. ఆ రెండున్నర సెకన్లు ఎదుటివాడు కోపంగా ఉన్నాడో, ఇంకా వినలేదో తెలియని స్థితి. దాన్ని రాయండి, సిగ్నల్ వివరం రాయనక్కరలేదు.

అంగారకుడితో అదీ కుదరదు. గ్రహాలు దగ్గరగా ఉన్నప్పుడు ఒక్కవైపే సుమారు 3 నిమిషాలు, అతి దూరంగా ఉన్నప్పుడు సుమారు 22 నిమిషాలు. సూర్యుడు మధ్యకు వచ్చిన రోజుల్లో కొంతకాలం లింకే ఉండదు. అంగారకుడిమీది వాహనాలకు ఆ రోజుల్లో ఆజ్ఞలు పంపడం నిలిపివేస్తారు. అక్కడి మనిషితో సంభాషణ ఉండదు, ఉత్తరాలే ఉంటాయి. అందుచేత మీ అంగారక ఘట్టాలకు వేడర్ గదిని కాక, లేయా రికార్డింగును నమూనాగా తీసుకోండి. ఒకవైపే మాట్లాడే మనిషి, అవతలివాడు ఏం అడగబోతాడో ఊహించి ముందుగానే జవాబులు చెప్పుకుంటూ పోవాలి. 2016 సినిమాలో గేలెన్ ఎర్సో కూతురికి పంపిన రికార్డింగులోనూ, 2022లో వచ్చిన ధారావాహికలో మార్వా అనే వృద్ధురాలి అంత్యక్రియల్లో ఆమె పాత రోబో ఊరందరి ఎదుట వెలిగించిన ఆఖరి మాటల్లోనూ బలమంతా అక్కడే ఉంది: వినేవారు ఎదురు చెప్పలేరు, చెప్పినవారు మళ్లీ వినలేరు. పైగా గేలెన్ రికార్డింగును చూసి బతికి బయటపడింది అతని కూతురు జిన్ ఒక్కతే. కాసేపటికే ఆమె దాన్ని చూసిన ఊరితో పాటు అదీ బూడిదైంది. తరువాత పెద్దల సభలో ఆమె ఎంత చెప్పినా రుజువు చూపమన్నారు. మీ కథలో కూడా ఆ అంగారక ఉత్తరం ఎన్ని ప్రతులుగా ఉందో, ఎవరి దగ్గర ఉందో మొదటి అధ్యాయంలోనే తేల్చుకుని పెట్టుకోండి.